దర్భ కాకీ, ఇంగ్లీషు పాఠమూ

పదో రోజున మా బావకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు.

ఉయ్యూరు అవతల, వాళ్ళ ఊరి కాలువ గట్టు మీద విస్తరి వేసి, అన్నం ముద్దలు పెట్టి, అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాకులు లేక కాదు. అవతలి గట్టున కరెంటు తీగ మీద వరసగా కూర్చునే ఉన్నాయి. పోయినవాళ్ళు కాకి రూపంలో వచ్చి ఆ ముద్ద తింటారని మా నమ్మకం. కాకి ముట్టకపోతే వాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇస్తారు.

అక్కకీ బావకీ పిల్లలు లేరు. కర్మ చేసింది బావ తమ్ముడు. అతను తడిబట్టలతోనే చేతులు జోడించాడు.

"అన్నయ్యా, వదినకి ఏ లోటూ రానివ్వం. నువ్వు దిగులు పెట్టుకోమాక."

కాకి రాలేదు. బావ మేనత్త ముందుకొచ్చింది. "నువ్వు పెట్టిన కొబ్బరి మొక్కల్ని ఎండనివ్వంరా అబ్బాయ్. రా, తిను." రాలేదు. వెనక నుంచి ఎవరో, "టీ పోయలేదని అలిగాడేమో. టీ పడందే పొద్దున్నే మనిషి కాదుగా" అన్నారు. ఒకరిద్దరు నవ్వి, నవ్వినందుకు తలలు దించుకున్నారు. నిజంగానే ఒక గ్లాసులో టీ తెప్పించి విస్తరి పక్కన పెట్టారు. కాకులు ఆ గ్లాసు వంక కూడా చూశాయి, అంతే.

ఎండ ముదిరింది. పంతులుగారు కొన్ని దర్భపోచలు తీసి, మెలిపెట్టి, ముక్కూ తోకా ఉన్నట్టుగా ముడి వేశారు. "రానప్పుడు ఇదే కాకండి. శాస్త్రం ఒప్పుకుంటుంది" అని ఆ గడ్డి ముక్కును ముద్దకు తాకించారు. పని అయిపోయిందన్నట్టు అందరూ స్నానాలకు కాలువలోకి దిగారు. అక్క మాత్రం ఆ దర్భ కాకినే చూస్తూ ఉండిపోయింది. ఆ గట్టు మీద మాట ఇవ్వనిది ఆమె ఒక్కతే.

భర్త పోయిన మనిషిని దగ్గరివాళ్ళు తమ ఇంటికి తీసుకువెళ్ళి ఒక రాత్రి ఉంచుకుంటారు. నిద్రకు తీసుకెళ్ళడం అంటారు దాన్ని. అమ్మా నాన్నా లేరు కనుక అక్కకు పుట్టిల్లంటే బెజవాడలో నా ఇల్లే. పై అంతస్తులో రెండు గదులు, ముందు కొంచెం డాబా. నేనొక్కదాన్నే ఉంటాను. ఒక రాత్రికని వచ్చిన అక్క సెలవు పెట్టి ఉండిపోయింది.

నా గురించి కొంత చెప్పాలి. నేను జాకెట్లు కుట్టి బతుకుతాను. మంగళగిరి చీరల మీదికి జాకెట్లు నా దగ్గర బాగా కుదురుతాయని పేరుంది. చదువు ఇంటర్‌తో ఆగింది. ఇంగ్లీషు మాత్రం ఎవరూ నేర్పకుండా, మా వీధి చివర శాఖా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం, అందుకే చెబుతున్నాను. దినపత్రికల కోసం వచ్చే పెద్దమనుషుల మధ్య, గ్రిల్లు కిటికీ పక్క కుర్చీ నాది. అక్కడి బీరువాలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది, ఇంగ్లీషు నానుడుల నిఘంటువు. దాన్ని ఇంటికి ఇవ్వరు. మధ్యాహ్నాలు వెళ్ళి ఒక్కో పేజీ నెమరు వేసుకుంటూ చదివేదాన్ని. వ్యాకరణం కన్నా ముందు నాకు ఆ వంకర మాటల మీద మోజు పుట్టింది. మాట ఒకటంటే అర్థం ఇంకొకటి అయ్యే చోటు దొరికితే, చీర కుచ్చిళ్ళ మడతల్లో దాచిన జరీ కంటబడ్డట్టు ఉండేది.

ఆ సంబరం పంచుకోవడానికి నాకున్నది మా బావ ఒక్కరే. హనుమాన్ జంక్షన్‌లో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ చూసేవారు. ఆదివారాలు అక్కతో కలిసి స్కూటరు మీద వచ్చి, డాబా మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

"ఏం మరదలా, ఈ వారం తెల్లోడు ఏం కోశాడు?"

"టైమ్ ఫ్లైస్ అన్నాడండి బావగారూ. కాలం ఎగిరిపోతుందంట."

"రెక్కలు ఎక్కడున్నాయో అడక్కపోయావా?"

"మీకు చెప్పేకన్నా మిషన్‌కి చెప్పడం నయం."

"అది కాదమ్మా, పోలిక చెప్పాడనుకో, ఒప్పుకుంటా. కాలం పిట్టలాగా పోతోంది, సరే. పిట్టే అంటే మాత్రం అబద్ధం కింద లెక్క. మా ఆఫీసులో లోడు ఏలూరు దాటిందంటే దాటింది. దాటినట్టుంది అన్నాడంటే ఫోను పెట్టేస్తా."

వంటింట్లోంచి అక్క, "మీ ఇద్దరికీ ఇంతకన్నా పని లేదు" అనేది. ఆ ఆఫీసులోనే ఒక మధ్యాహ్నం ఫోను చేతిలో ఉండగానే గుండె ఆగి ఆయన పోయారు.

అక్క వచ్చాక ఇంట్లో మిషన్ ఆపితే వినిపించే నిశ్శబ్దం మారింది. కింద ఏ స్కూటరు ఆగినా ఇద్దరం పని ఆపేవాళ్ళం. మెట్ల మీద అడుగుల చప్పుడు రెండో అంతస్తులో ఆగిపోయాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఒకసారి టీ మూడు గ్లాసుల్లో పోశాను. అక్క చూసి, మూడో గ్లాసు తీసుకువెళ్ళి డాబా మీది కుర్చీ దగ్గర పెట్టి వచ్చింది. చల్లారి మీగడ కట్టాక తెచ్చి పారబోసింది.

రోజూ మధ్యాహ్నం అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి పిట్టగోడ మీద పెట్టేది. అది ఏదో ఒకటి తేలేదాకా తాను తినేది కాదు. మా వైపు డాబాల మీద కాకులకన్నా పావురాలు ఎక్కువ. అవి గుంపుగా దిగేవి. అక్క తువ్వాలు విదిలించి తోలేది. "పావురం పనికిరాదే. దానికీ మనకీ ఏం చుట్టరికం?" అనేది. పొద్దు వాలాక ఎండిపోయిన ముద్దను లోపలికి తెచ్చి, రెండు మెతుకులు నోట్లో వేసుకుని లేచేది. చూస్తుండగానే మనిషి చిక్కిపోయింది. ఆమె జాకెట్లకు నేనే రెండుసార్లు పక్కలు బిగించాను. ఇలా ఎంతకాలం అన్నదే నా భయం. కాకి వచ్చి ఒక్క మెతుకు ముట్టుకుంటే అక్క అన్నం తింటుందనుకున్నాను.

అక్క గన్నవరం దగ్గర ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో టీచరు. తెలుగు మీడియంలో చదువుకున్న మనిషి. బడులన్నీ ఇంగ్లీషు మీడియం అయ్యాక ఏడో తరగతి ఇంగ్లీషు కూడా ఆమె మీదే పడింది. సెలవు అయిపోవస్తుండగా ఒకరోజు సంచిలోంచి వర్క్‌బుక్ తీసింది.

"వెళ్ళగానే ఈ పాఠం చెప్పాలి. నువ్వు నమిలి మింగినవేగా ఇవన్నీ. చెప్పు."

ఫిగరేటివ్ లాంగ్వేజ్ అని పైన రాసి ఉంది. నాకు పండగ. చేతిలోని జాకెట్టు పక్కన పడేసి కూర్చున్నాను.

"సిమిలీ అంటే మన ఉపమ అక్కా. మెటఫర్ అంటే రూపకం."

"పేర్లు నాకూ వచ్చే. పిల్లలు పేర్లు అడగరు. టైమ్ ఈజ్ ఎ థీఫ్ అని బోర్డు మీద రాస్తే, కాలం దొంగ ఎట్లా అవుద్ది మేడమ్ అంటారు. ఏం చెప్పను?"

నాకు తెలిసిన పనితోనే చెప్పాను. రెండు ముక్కల గుడ్డ ఉందనుకో. లైక్ అనే మాట ఆ రెంటి మధ్య కనిపించే కుట్టు. కాలం దొంగలాంటిది అన్నావంటే ఇది కాలం, అది దొంగ, ఇక్కడ అతికాం అని చూసేవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. ఈజ్ అన్నావంటే కుట్టు కనిపించదు. ఒకే గుడ్డ అయిపోతుంది. మంచి రూపకం అంటే ఎక్కడ అతికారో తెలియనిది.

"విప్పాలంటే?" అంది అక్క.

"కుట్టు కనిపిస్తేగా విప్పేది."

నా జవాబుకి నేనే మురిసిపోయాను. అక్క పెన్సిలుతో పుస్తకం అంచు మీద గీతలు గీస్తూ ఉంది.

"మరి గట్టు మీద పంతులుగారు చేసిన గడ్డి కాకి, లైకా, ఈజా?"

నేను కొంచెం ఆలోచించి, "లైకే. కాకిని పోలిన బొమ్మేగా" అన్నాను.

"మరి కాకి? అది మీ బావలాంటిదా, మీ బావేనా?"

డాబా మీద పావురాలు రెక్కలు కొట్టుకున్న చప్పుడైంది. అక్క లేచి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఒక ఇంగ్లీషు ప్రశ్నకు జవాబు లేక కూర్చోవడం నాకు కొత్త.

మర్నాడే గ్రంథాలయానికి వెళ్ళాను. నా కుర్చీలో ఎవరో పెద్దాయన పేపరు చదువుతూ ఉంటే, నిలబడే ఆ పుస్తకం తెరిచాను. వెతికిన జవాబు దొరకలేదు కానీ, అంతకు ముందు సరదాగా దాటిపోయిన పేజీలు ఈసారి దాటనివ్వలేదు. ఇంగ్లీషు నిండా పోయినవాళ్ళే. గడువును డెడ్‌లైన్ అంటారు. ముందుకు దారి లేని సందు డెడ్ ఎండ్. పెదవి మీద వచ్చీ రాని నవ్వు ఒక దెయ్యం, ఘోస్ట్ ఆఫ్ ఎ స్మైల్. భర్త పోయిన ఆవిడను లాస్ట్ హర్ హస్బెండ్ అంటారు, ఆయన్ని పోగొట్టుకుందని, బీసెంట్ రోడ్డు రద్దీలో చెయ్యి జారి తప్పిపోయినట్టు. పోయిన మనిషి పేరుకు ముందు లేట్ అని రాస్తారు, ఆలస్యంగానైనా వస్తాడన్నట్టు. అక్క బడిలో తోటి టీచర్లు సంతాపం రాసిన కాగితం మీద బావ పేరు ముందు ఆ మాటే ఉంది. అది చదివిన రోజు అక్క ఏమనుకుందో నేను అడగలేదు.

ఇంకో పుస్తకంలో డెడ్ మెటఫర్ అని కనిపించింది. వాడి వాడి, అది పోలిక అన్న సంగతే జనం మరిచిపోయిన రూపకాన్ని చచ్చిపోయిన రూపకం అంటారట. కుర్చీకి కాళ్ళు అంటాం, గడియారానికి ముల్లు అంటాం, ఎవరికీ కాలూ కనిపించదు, ముల్లూ కనిపించదు. చచ్చిపోయింది అనడం నాకు ఒప్పుగా తోచలేదు. చచ్చిపోతే పోవాలి కదా. ఇవి పోలేదు. నోరు తెరిచినప్పుడల్లా మన మధ్యే తిరుగుతున్నాయి, మనం చూడటం లేదంతే. ఆ చల్లటి గదిలో, పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఏమీ లేని చోట నేను తల ఎత్తి చుట్టూ చూశాను. మన మాటలూ గుర్తొచ్చాయి. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఇంట్లోంచి బయటకు వెళుతూ వెళుతున్నానని అనం, వెళ్ళొస్తానంటాం. మా బావ కూడా ఆ రోజు పొద్దున అక్కతో అలాగే అని ఉంటారు. పోలికలంటే అంత చిరాకుపడే మనిషి.

ఇంటికొచ్చి ఇదంతా అక్కకు చెప్పాను, వెళ్ళొస్తాననే సంగతి ఒక్కటి మింగేసి. అక్క శ్రద్ధగా విని, పుస్తకంలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. "పిల్లలకి కుర్చీ కాళ్ళు చెబుతా. బాగుంది" అంది. అంతే. ముద్ద ఇంకా పిట్టగోడ మీదే ఉంది.

సెలవు ఆఖరి వారం. పటమటలో ఒకావిడకు జాకెట్లు ఇచ్చి రావడానికి బయలుదేరాను. భోజనాల వేళ దాటితే కానీ రానని అక్కతో చెప్పాను. వాళ్ళింటికి తాళం వేసి ఉంది. అదే ఆటోలో తిరిగొచ్చేశాను. మెట్లెక్కి డాబా తలుపు దగ్గరికి వచ్చేసరికి పిట్టగోడ మీద కాకి కనిపించింది. నిఖార్సైన కాకి. బూడిద రంగు మెడ, తల పక్కకు వంచి ముద్ద వంక చూస్తోంది. బావా అని పెదవుల దాకా వచ్చింది. అంతకుముందు గ్రంథాలయంలో కూర్చుని ఎన్ని నేర్చుకున్నానో ఒక్కటీ అడ్డు రాలేదు.

అప్పుడు అక్క తువ్వాలు విసిరింది.

కాకి ఎగిరి, నీళ్ళ ట్యాంకు మీద కూర్చుంది. మళ్ళీ దిగింది. అక్క చప్పట్లు కొట్టింది. అది ఎగిరిపోయింది. అక్క తిరిగి చూసేసరికి నేను తలుపులో ఉన్నాను.

"అది కాకే అక్కా."

"ఊఁ."

"మరి తోలావేంటి?"

అక్క తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"రోజూ వస్తానే ఉందే. నువ్వు మిషన్ మీద ఉన్నప్పుడు."

నేను చెప్పుల్తోనే డాబా మీద చతికిలబడ్డాను.

"తింటే తేలిపోద్ది" అంది అక్క. "కోరికేం లేదని తేలిపోద్ది. ఇంక ఆయనకి ఇక్కడ పనేముంటుంది? గట్టు మీద అందరూ మాటలిచ్చారు. నేను నోరు తెరవలా. తెరిస్తే వచ్చి తినేస్తాడేమో అని."

"మరి రోజూ అన్నం ఎందుకు పెడుతున్నావు?"

"పెట్టకపోతే రాడుగా."

ఎంత మామూలుగా అందో. హాజరు పిలిచినట్టు. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని నేను ఆమెకు లైక్ గురించీ ఈజ్ గురించీ చెబుతున్నాను. ఏదో కోరిక మిగిలి ఉంటే ఆయన మిగిలి ఉన్నట్టు. అది తీరనంత కాలం అక్క వాకిట్లో తిరుగుతూ ఉంటారు. ఆ లెక్కన ఆమె ఆకలి ఆమెకు లెక్కలోకి రాదు.

కాకి ఒక చిహ్నం మాత్రమే అక్కా అని చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. ఆ వివరణలు చదివిన పేజీలు కూడా గుర్తున్నాయి. నోరు తెరిస్తే అవి రాలేదు.

"ఆకలేస్తుందేమో అక్కా బావకి" అన్నాను.

అక్క నా వంక చూసింది.

"ఒంటిగంటకల్లా అన్నం పడకపోతే విసుక్కునే మనిషి. రోజూ వచ్చి, ముద్ద చూసి, తువ్వాలు దెబ్బ తిని పోతున్నాడు."

నేను తెలివిగా అన్న మాట కాదది. గోడ మీద ఆ పక్షి తల వంచిన తీరు చూశాక నాకు కలిగిన బాధ అదే, నిజంగా అదే. అక్క ముఖం ముడుచుకుపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముద్ద లోపలికి తెచ్చి, ఆ పూట అసలేమీ తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాట అని ఉండకూడదేమోనని సాయంత్రమంతా నాకు ఒకటే గుబులు. కుట్టిన చేతి కుట్టే విప్పి మళ్ళీ కుట్టాను.

మర్నాడు అక్క పెందలాడే స్టవ్ వెలిగించింది. పప్పు వండి, తాలింపు పెట్టి, ముద్దకు కొంచెం గోంగూర పచ్చడి అద్దింది. పిట్టగోడ మీద పెట్టి, తువ్వాలు నా చేతికిచ్చి, ట్యాంకుకు ఆనుకుని గోడ వైపు వీపు పెట్టి కూర్చుంది.

"నువ్వు చూడు. పావురాల్ని రానివ్వబాక."

కాకి వచ్చింది. వచ్చి, దూరంగా వాలి, మా ఇద్దరినీ అనుమానంగా చూసింది. ఇన్నాళ్ళు తోలించుకున్నది కదా, ఒక గెంతు ముందుకు వేస్తే రెండు గెంతులు వెనక్కి వేసింది. చివరికి మెడ సాచి, ముద్దలో ముక్కు పెట్టింది.

"ముట్టిందా?" వెనక్కి తిరక్కుండానే అడిగింది అక్క.

"తింటోంది."

"పప్పులో ఉప్పు తక్కువైంది" అంది అక్క.

"ఏమీ అనడం లేదులే. తింటోంది."

కాకి తల ఎత్తి అరిచింది. ఎక్కడినుంచి వచ్చాయో, పక్క డాబా మీంచీ, స్తంభాల మీంచీ ఇంకొన్ని దిగాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ ముద్దను చెదరగొట్టాయి. ఆ చప్పుడుకి అక్క తిరిగి చూసింది. గోడ నిండా కాకులు. అన్నిటికీ అదే బూడిద రంగు మెడ, అదే తల వంచడం.

"ఏది?" అంది.

నేను మొదటి దాని మీంచి కళ్ళు తిప్పలేదని అనుకున్నాను. ఎప్పుడు కలిసిపోయిందో తెలియలేదు.

"తెలియడం లేదక్కా."

అక్క ఒక్కోదాన్నీ చూసింది. బడిలో పిల్లల ముఖాలు చూసినట్టు, వరసగా, ఎవరినీ వదలకుండా. మెతుకులు అయిపోయాయి. కొన్ని ఏటి వైపు ఎగిరాయి, కొన్ని రైల్వే స్టేషను వైపు. అక్క చూపు ముందు అటు వెళ్ళింది, సగం దారిలో ఇటు తిరిగింది, ఏ వైపూ నిలవలేదు. చివరికి ఖాళీ గోడ మీద ఆగింది. పచ్చడి మరక ఒక్కటే మిగిలింది.

కొంచెంసేపటికి చెయ్యి చాపింది. లేవదీశాను. చేతిలో బరువే లేదు.

"ఆకలేస్తోందే. కంచం పెట్టు" అంది.

పెట్టాను. కిటికీకి వీపు పెట్టి కూర్చుని, మారు వడ్డించుకుని మరీ తింది. తింటున్నంతసేపూ ఒక్కసారి కూడా డాబా వైపు తిరగలేదు. అటు నేను చూస్తూనే ఉన్నాను.